పొదుగు మబ్బుల నాడు

ఏక్‌బాల్‌పూర్, కలకత్తా
22-4-1986

చెల్లెలు సుందరికి అన్నయ్య గవరయ్య దీవెనలు. నేను ఆరోగ్యంగానే ఉన్నాను. నువ్వు, అమ్మ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం అప్పలసూరి చేతికిచ్చి పంపుతున్నాను. మా పక్క గది మనిషి, నమ్మకస్తుడు. అమ్మ మోకాళ్ల నూనె కూడా అతనే తెస్తాడు.

కలకత్తాలో మూడు సూర్యుళ్లు పొడిచాయని ఇక్కణ్ణుంచి వచ్చిన సూరన్న ఊళ్లో చెప్పాడని, లోకానికేమైనా కీడా అని పోయిన ఉత్తరంలో అడిగావు. కీడు కాదు. రేవులో సరుకు లెక్కచూసే మృత్యుంజయ దాదా నాకు విప్పి చెప్పాడు. బాగా ఎత్తున పల్చటి మబ్బు పడుతుందట. దాని నిండా మంచు పలుకులే. ఎండ వాటిలోంచి వంగి వచ్చేసరికి సూర్యుడి చుట్టూ గుడి కట్టినట్టు, అటొకటి ఇటొకటి చిన్న సూర్యుళ్లు ఉన్నట్టు కంటికి తోస్తుంది. ఉన్నది ఒక్కడే.

మొన్న శనివారం పొద్దున్న మళ్లీ అలాగే కనిపించింది. మధ్యాహ్నం వాయవ్యం వైపు మబ్బు లేచింది. దాని అడుగున ఆవు పొదుగుల్లా తిత్తులు వేలాడాయి. పక్కనుంచి ఎండ తగిలి పసుపు పచ్చగా మెరిశాయి. పైనున్న చల్లగాలి బరువై కిందికి దిగితే మబ్బుకి ఆ ఆకారం వస్తుందని దాదా తరవాత చెప్పాడు. తరవాత తెలిసి ఏం లాభం?

నీకింతవరకూ చెప్పని సంగతి ఒకటి ఉంది. రేవులో బస్తాలు మోసే మా ముఠా అంతా మన తీరం వాళ్లే. నాన్న మబ్బు చూసి సరే అంటేనే మన ఊరి తెప్పలు కదిలేవని వాళ్లకి తెలుసు. ఆయన కొడుకుని కాబట్టి నాకూ తెలుసనుకున్నారు. ఓడ కడుపులోకి దిగితే పైన ఆకాశం కనబడదు. అందుకని దిగే ముందు సర్దార్ పోలిరాజు రోజూ అడుగుతాడు, "గవరన్నా, మబ్బేటంటాది?" అని. ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. చాలాసార్లు నిజమయ్యేది. పదకొండేళ్లు అలా గడిచింది.

శనివారం ఓడలో పంచదార బస్తాలు. మధ్యాహ్నం మబ్బు చూసి సర్దార్ మళ్లీ అడిగాడు. "రేపటిదాకా రాదు, దిగండి" అన్నాను. మీ ఆయన దేముడు నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు.

"బావా, మావ పక్కన కూకొని మబ్బులు నేర్సుకున్నాది సుందరి గదేటి? నువ్వెప్పుడు నేర్సుకున్నావ్?"

"నోర్ముయ్, దేముడూ. ఇంటారు."

"నానేటీ అన్నేదులే. నీ పరువు నా పరువు గాదేటి?" అని నవ్వి, అందరికంటే ముందు నిచ్చెన దిగాడు.

అరగంట కాలేదు. ఇక్కడ కాలబైశాఖి అంటారు, ఆ గాలి పడింది. క్రేనుకి వేలాడుతున్న బస్తాల వల ఊగిపోయింది. కింద అందరూ పక్కలకి పరుగెత్తారు. ఆ వల మీ ఆయన్ని ఓడ గోడకేసి కొట్టింది.

ప్రాణం ఉంది సుందరీ. ఆస్పత్రిలో ఉన్నాడు. నాలుగు రోజులైంది, కళ్లు తెరవలేదు. డాక్టరు ఏమీ తేల్చి చెప్పడం లేదు. తంతి ఇద్దామని రెండుసార్లు పోస్టాఫీసుకి వెళ్లి, కాగితం చించేసి వచ్చాను. పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి, ఈ ఉత్తరం అందిన మర్నాడే అప్పలసూరితో మెయిలు బండికి బయలుదేరు.

ఈ పొద్దున్న సర్దార్ మళ్లీ అడిగాడు. నాకు తెలీదు, ఏనాడూ తెలీదు అని అందరి ముందూ చెప్పేశాను. ఎవరూ నమ్మలేదు. "బావకి దెబ్బ తగిలీసరికి మనిసి బెదిరిపోనాడ్రా పాపం" అన్నాడు సర్దార్. వాళ్లంతా నా మొహం వైపే చూస్తూ నిలబడ్డారు. నేను వద్దనలేదు కదా అని ఇరవై మందీ దిగిపోయారు. సాయంత్రం దాకా నేను వాయవ్యం వైపే చూస్తూ నిలబడ్డాను.

ముందు ఆస్పత్రికి వెళ్దాం. ఆ తరవాత నువ్వొక్కసారి రేవుకి వచ్చి, నాకు తెలీదని వాళ్లకి చెప్పు. నువ్వు చెబితే నమ్ముతారు.

ఇట్లు,
నీ అన్నయ్య
గవరయ్య