వాసన లేని గ్యాస్

కురుచికుప్పం, పుదుచ్చేరి
9-7-2007

సుధాకరన్ అన్నకు,

నీ స్నేహితుడు రాజేంద్రన్ ఇరవై రెండో తేదీ ఆదివారం మళ్ళీ సిలిండర్ల బండి తెస్తానన్నాడు. అందుకే ఈ ఉత్తరం ఈరోజే రాస్తున్నాను. మేమంతా క్షేమమని రాయమని అమ్మ మంచం మీద నుంచి చెబుతోంది. రాశాను. విశాఖ వెళ్ళాక తెలుగు చదవడం వచ్చిందని గొప్పలు చెప్పావు కదా, దీన్ని చివరిదాకా చదువు.

మెట్ల కింద గది అతనికిస్తే నీకేం నష్టం అని అడిగావు. తట్టాంచావడిలో సెంటు డబ్బాల ఫ్యాక్టరీ నుంచి ప్రొపేన్ తెచ్చి, ఆ గదిలో వంటింటి సిలిండర్లలోకి ఎక్కించి అమ్ముతున్నాడు. మనకొకటి ఊరికే ఇస్తాడు. అదే నీ ఘనమైన ఒప్పందం. వంట గ్యాస్‌లో కంపు కలిపేది కారితే తెలియడానికి. సెంటు చిమ్మడానికి డబ్బాలో నింపే గ్యాస్‌కు ఆ కంపు ఉండదు. ఒత్తిడీ ఎక్కువ, మన రెగ్యులేటర్ ఆపలేదు. కారితే నేలమీదే పరుచుకుంటుంది. ఇదంతా రాజేంద్రన్‌కు చెప్పాను.

"అన్నం ఉడుకుతా ఉంది కదా పాపా, గ్యాస్ యాడిదైతే నీకేంది? కాలేజీ పాఠం ఇంట్లో ఒప్పజెప్పొద్దు" అని నవ్వాడు. నువ్వూ అదే రాశావు.

అమ్మ ఫోనుకు ఎందుకు రావడం లేదని కూడా అడిగావు. టెలిఫోన్ బూత్ వీధి చివర ఉంది. అమ్మ నడవలేదు.

పోయిన నెలలో ఒక శుక్రవారం సాయంత్రం ఎప్పటిలాగే పొయ్యి దగ్గర వంగి వాసన చూసింది. ఏమీ రాలేదు. నేలమీద కూర్చుని కామాక్షి దీపం వెలిగించింది. మంట నేలంతా నీలంగా పరుగెత్తి చీర అంచు పట్టుకుంది. గోనెపట్టా తడిపి నేను కప్పేలోపు రెండు కాళ్ళూ మోకాళ్ళదాకా కాలిపోయాయి.

ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, "రాజేంద్రన్ పేరెత్తొద్దమ్మే, అన్నకు చెడ్డపేరొస్తాది. వాసనే రాలేదే, నాకెట్ల తెలుస్తాది?" అంది. దీపం ఒరిగిందని డాక్టరుకు చెప్పింది. నేనూ తలాడించాను. ఇక ఆడించను.

సిలిండర్ పెరట్లో పెట్టాను. కట్టెలమీద వండుతున్నాను. మెట్ల కింద గదికి తాళం వేశాను, తాళంచెవి నా దగ్గరే ఉంది. ఆ గది ఇక రాజేంద్రన్‌ది కాదని నీ చేత్తో రాసి పంపు. పంపకపోతే ఆదివారం అతని బండికంటే ముందు ఫైర్ స్టేషన్ వాళ్ళు మన గుమ్మంలో ఉంటారు. గది ఎవరిచ్చారని అడుగుతారు. అమ్మ దీపం ఒరిగిందంటుంది. నేను నీ పేరు చెబుతాను.

ఇరవై ఒకటో తేదీలోగా నీ జవాబు నాకు అందాలి.

ఇట్లు,
నీ చెల్లెలు
కార్తిక