కళ్ళు మండని మందు

అక్టోబర్ 1, మంగళవారం

నజరే మాత ఊరేగింపు దగ్గరపడింది. పదమూడో తేదీ, ఆ ఆదివారానికి మా బెలేం ఊళ్ళో ప్రతి ఆడమనిషికీ జుట్టు సాఫుగా జారాలి. డోనా జుల్మీరా స్పాలో వాడే క్రీములూ నూనెలూ ఒంటికి హాని చేయనివేనా అని చూసి సంతకం పెట్టడం నా ఉద్యోగం; అందుకే అక్కడ నన్ను డాక్టరమ్మా అంటారు. ఇవాళ హెయిర్ రూమ్ తలుపు తీయగానే కళ్ళు మండాయి. జుట్టు సాఫు చేసే స్ట్రెయిటెనింగ్ క్రీమ్ సీసా మీద మాత్రం, కళ్ళు మండించే ఆ ఫార్మలిన్ విషం లేదనే ఉంది.

జందీరా రోజంతా ఆ గదిలోనే నిలబడి పనిచేస్తుంది. ఆమెకు ఆరో నెల.

అక్టోబర్ 2

సీసాలోని క్రీమ్‌లో పరీక్ష కాగితం ముంచాను. రంగు మారలేదు. జందీరా రాయడానికి కలుపుకున్న గిన్నెలో ముంచాను. ముదురు ఊదా: ఫార్మలిన్ ఉంది.

అక్టోబర్ 4

కాన్వెంట్‌లో అడిగినదానికి జవాబు చెప్పడం నేర్పారు. అడగడం నేర్పలేదు. ఎలాగో అడిగాను.

జందీరా దాచలేదు. ఫార్మలిన్ సంతలో తెచ్చి తనే కలుపుతుందట. "కళ్ళమ్మట నీళ్ళు రాకపోతే మందు పనిచేయలేదంటారు వచ్చేవాళ్ళు, డాక్టరమ్మా. పోయినేడు మీ మంచి క్రీమే రాశాను. కర్రపెండలం గంజి పూశావా అని నవ్వి, పక్క వీధి పార్లర్‌కి పోయారు."

ముక్కులోంచి అప్పుడప్పుడు రక్తం వస్తోందని కూడా చెప్పింది, తువ్వాలు మడతపెడుతూ. బిడ్డ సంగతి అడిగాను. ఊరేగింపు అయ్యాక మానేస్తానంది.

అక్టోబర్ 5

స్పా యజమాని డోనా జుల్మీరాకు చెప్పాను. ఆవిడ చర్చిలో నా జ్ఞానస్నానానికి తల్లిగా నిలబడిన జ్ఞానతల్లి కూడా. "మండుతున్నాయంటున్నావుగా పిల్లా, ఊరేగింపు దాకా ఆ కళ్ళు మూసుకో" అంది. స్పాలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది.

అక్టోబర్ 8

జందీరా గదిలో కళ్ళు తిరిగి పడిపోయింది. బిడ్డ గుండె కొట్టుకుంటోందన్నారు ఆసుపత్రిలో. ఇక ఆ వాసన పీల్చకూడదన్నారు.

అక్టోబర్ 9

హెయిర్ రూమ్‌కి తాళం వేశాను. నా సంతకం లేకుండా తెరవకూడదన్నాను. జ్ఞానతల్లి నాతో మాట్లాడటం లేదు.

అక్టోబర్ 11

గదికి తాళం వేస్తే మందు ఆగుతుందనుకున్నాను.

జందీరాను చూడటానికి వెళ్తే వీధి మలుపులోనే ఆ వాసన. తన వంటగదిలో ఆ మందే రాస్తోంది. బల్ల మీద వరసగా మా స్పాకి వచ్చే ఆడవాళ్ళే. పొరుగువాళ్ళు గొడవ పెట్టుకుంటారని కిటికీ మూసేసింది. ఫ్యాను కూడా లేదు. పెరట్లోకి పిలిచి, ఆపమని బతిమాలాను.

"ఇప్పుడు ఆపితే కాన్పయ్యాక ఒక్కరూ నా దగ్గరికి రారు. మీకు సంతకం ఉంది. నాకు వీళ్ళే ఉన్నారు."

రాత్రంతా ఏదైనా దారి ఉందా అని ఆలోచించాను.

అక్టోబర్ 12, శనివారం

పొద్దున్నే మంచి క్రీమ్ పట్టుకెళ్ళి, నా ఆలోచన జందీరా చెవిలో చెప్పాను. ఫార్మలిన్ డబ్బా నా చేతికిచ్చింది. కిటికీ తెరిచాను. ఆడవాళ్ళంతా చూస్తుండగా మొదట నేనే స్టూలు మీద కూర్చున్నాను. మంచి క్రీమూ పనిచేస్తుందని వాళ్ళు నమ్మాలంటే నేను ఏడవాలి. అబద్ధపు ఏడుపు నాకు చేతకాదు.

రాస్తూ రాస్తూ జందీరా ముందుకు వంగింది. ఆమె పొట్ట నా వీపుకు ఆనింది. లోపల బిడ్డ కదిలింది.

ఇక నాకు ఏడుపు ఆగలేదు.

"ఈసారిది గట్టి మందే" అంది వెనక ఎవరో.