ఎడమవైపు వంపు

ప్రియమైన అక్కకు,

మా బుడ్డిదాన్ని ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చేశాను. ఆపరేషన్ చేయించడం లేదు. కోప్పడే ముందు విను.

దాని ఊపిరిలో ఆ గరగర ఉబ్బసం కాదట. గుండె మీంచి వంగి వెళ్ళే పెద్ద రక్తనాళం దానికి రెండుగా చీలి, గాలిగొట్టాన్నీ అన్నం దిగే గొట్టాన్నీ ఉంగరంలా బిగించిందట. అందుకే గట్టి ముద్ద దిగదు. ఎడమవైపు వంపు సన్నగా ఉంది, దాన్ని కోసేస్తే చాలన్నాడు డాక్టరు. సరే అన్నాను. అప్పుడు ఫిల్ము లైటు మీద పెట్టి చూపించాడు. ఎడమ అన్న వంపు కుడిపక్కనుంది. అడిగితే, "అది అలాగే ఉంటుందండీ" అని వెళ్ళిపోయాడు.

పొద్దస్తమానం రబ్బరు స్టాంపుల మీద అక్షరాలు తిరగేసి కోసేవాణ్ణి. ఏది తిరగబడిందో నాకు ఒకరు చెప్పాలా? ఓసారి పరాకున సూటిగా కోస్తే ఆఫీసువాళ్ళు స్టాంపు నా బల్ల మీదే గిరాటేశారు. రబ్బరైతే ఇంకో ముక్క కోయొచ్చు. పిల్ల సంగతి అలా కాదుగా.

మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు.

నీ తమ్ముడు


ప్రియమైన తమ్ముడికి,

మెడికల్ కాలేజీలో నేను పాఠం చెప్పే శవాల గదిలో కొత్త పిల్లలంతా మొదట నీలాగే పొరబడతారు. మనిషి నీకు ఎదురుగా నిలబడ్డాడనుకో. అతని ఎడమ చెయ్యి నీ కుడివైపుంటుంది. ఫిల్ము పెట్టేదీ అలాగే. డాక్టరు తప్పు చెప్పలేదు. విడమర్చి చెప్పలేదు, అంతే.

కడుపులో బిడ్డ గింజంత ఉన్నప్పుడు గొంతుకు రెండు పక్కలా రక్తనాళాలు జతలుజతలుగా వంపు తిరిగి ఉంటాయి. ఒకదాని తర్వాత ఒకటి పుడతాయి, చాలావరకు మాసిపోతాయి. మామూలుగా ఎడమవైపు వంపు నిలిచి పెద్ద రక్తనాళమవుతుంది. కుడివైపుదాని వెనక భాగం కరిగిపోతుంది. మన బుడ్డిదానికి అది కరగలేదు. రెండూ వెనక కలిశాయి. గొట్టాలు మధ్యలో ఇరుక్కున్నాయి. తలకూ చేతికీ వెళ్ళే కొమ్మలు చెడకుండా, సన్న వంపును కొమ్మలు దాటాక కోస్తారు.

మరదలు ఏదో తిన్నందుకో, బరువెత్తినందుకో వచ్చింది కాదు ఇది. ఆ మాట తనకు చెప్పు.

ఒక్క ముద్ద అడ్డం పడితే చాలు. వెంటనే తీసుకెళ్ళు.

అక్క


తమ్ముడికి,

జవాబు లేదు. పక్క కొట్టాయనకు ఫోన్ చేస్తే, నీ షాపుకు తాళం వేసుందన్నాడు. ఎందుకో ఆయనకు తెలియదట.

పోయినసారి పాఠం చెప్పాను గానీ అడగాల్సింది అడగలేదు. బుడ్డిదెలా ఉంది?

అక్క


ప్రియమైన అక్కకు,

నీ మొదటి ఉత్తరం వచ్చింది. తిట్టుంటావని విప్పకుండా జేబులో పెట్టుకున్నాను. ఆ సాయంత్రమే ముద్ద అడ్డంపడి బుడ్డిది నీలంగా అయిపోయింది. మా ఆవిడ బోర్లా పట్టుకుని వీపు మీద చరిస్తే బయటపడింది. పిల్ల ఏడుపందుకున్నాక ఆవిడ దాన్ని భుజాన వేసుకుని నా ఎదుట నిలబడి, ఎడమ చెయ్యెత్తింది.

"ఇది మీకు ఏ పక్కనుంది?"

"కుడిపక్క."

"మీరు తిరగేసి కోస్తుంటే నేనెప్పుడన్నా వచ్చి సరిచేశానా? వాళ్ళ పని వాళ్ళను చెయ్యనివ్వండి."

ఆపరేషన్‌కు సంతకం ఆవిడే పెట్టింది. నేను సంచి మోశాను. నీ ఉత్తరం ఆసుపత్రి వరండాలో చదివాను. మరదలికి చెప్పమన్న మాట చెప్పాను. ఆ ఉత్తరం నా చేతిలోంచి తీసుకుంది.

ఎడమ పక్కటెముకల మధ్య తెరిచి కోశారు. గరగర ఇంకా పోలేదు. ఇన్నాళ్ళూ నొక్కుకుపోయిన గొట్టం గట్టిపడటానికి చాలా నెలలు పడుతుందట. ఆవిడ ఇప్పటికీ అన్నీ మెత్తగా పిసికే పెడుతోంది.

నిన్న ఆవిడా బుడ్డిదీ షాపుకొచ్చారు. యాపిల్ తింటూ, గిరాకీ వస్తే ప్లేటు కింద పెట్టి లేచాను. తిరిగి చూస్తే ముక్క లేదు. ఇద్దరం పరుగెత్తాం. దాని నోట్లో వేలు పెట్టి వెతికాను. ఏమీ లేదు, మింగేసింది. ఇంకా వెతుకుతుంటే దానికి విసుగొచ్చి కొరికింది. కుడిచేతి చూపుడువేలు.

ఈ ఉత్తరంలో అక్షరాలు వంకరగా ఉన్నాయంటే అందుకే.

నీ తమ్ముడు