పొట్టే మేలు

అక్కా, నా కడుపు కులాసా, బెంగ పెట్టుకోకు. బాదంపప్పు పొట్టుతోనే తింటున్నాను. అందులోని పీచు మనకు అరగదు, కానీ పేగుల్లోని సూక్ష్మజీవులకు అదే కూడు. రాత్రింబగళ్లు మనకు చాకిరీ చేసేవాటి నోటికాడి కూడు వలిచి పారేయడం దోపిడీ కాదా? ఇదే ఆఫీసు నోటీసు బోర్డు మీద రాసి, చివర "ఆరోగ్యానికి పొట్టే మేలు" అన్నాను. మేనేజరు బొజ్జ నిమురుకుంటూ, "ఇన్నాళ్లకు నా పక్షాన రాశావయ్యా!" అన్నాడు. ఒళ్లు మండింది గానీ నవ్వు ఆగలేదు.

నాన్న మలబద్ధకం ఎలా ఉంది? ఇంకా మాత్రలేనా? నువ్వు ముద్దుగా పప్పు వలిచి పెట్టడం మానెయ్. పొట్టుతోనే పెట్టు, నీళ్లు బాగా తాగించు. కోప్పడితే నా మీదకు తోసెయ్. బావకు నమస్కారాలు. ఈ కార్డు నాన్నకు చదివేటప్పుడు మాత్రం "పొట్టు" అని విడమరిచి చెప్పు. లేకపోతే ఆయనా బొజ్జ నిమురుకుంటారు.

నీ తమ్ముడు