మనస్సు దగ్గర తప్పిన గణం

మార్చి 3
స్ట్రోక్ వచ్చాక అక్క నోట మాట లేదు. కుడిచెయ్యి పడిపోయింది. మన మాటలు అర్థమవుతుంటేనే థెరపీ వార్డులో బెడ్ ఇస్తారట, లేకపోతే ఇంటికే. శుక్రవారం తేలుస్తారు. దానికేం తెలియట్లేదు, ఊరికే ఆశపెట్టుకోకు అని బావ అక్క ఎదుటే అన్నాడు. అక్క సీలింగ్ కేసి చూస్తోంది. విందా?

మార్చి 4
అక్క జన్మంతా కాలేజీలో ఛందస్సు చెప్పింది. ఇవాళ తనకిష్టమైన పద్యం చదువుతూ యతి దగ్గర తడబడ్డాను. అక్క ఎడమచేతి వేలు మంచం రాడ్ మీద టక్కుమంది. సరిగ్గా చదివితే కదల్లేదు. మళ్ళీ తప్పు చదివాను. టక్!
నర్సు వచ్చేసరికి నిద్రపోయింది.

మార్చి 5
బట్టీపట్టిన పద్యం కదా, అలవాటుగా కదిలిందేమో అన్నాడు డాక్టర్. కొత్తదైతే చూస్తాడట.
కొత్తది ఎవరు రాస్తారు? నేనే. బస్టాండ్ కౌంటర్లో కూర్చుని ఆటవెలది మొదలుపెట్టాను. మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి. ఈలోగా ఒకాయనకి వేరే ఊరి టికెట్ కొట్టాను. తిట్టాడు. తిట్టనీ.

వాన వెలిసి పోయె వాకిలి తెరిచితే
మట్టి వాసనొచ్చె మనస్సు నిండ

మార్చి 6
మొదటి పాదం చదివాను. వేలు కదల్లేదు. యతి చెడాలని 'వాకిలి' తీసి 'కిటికిని' పెట్టాను. టక్. డాక్టర్ ముందుకు వంగాడు.
రెండో పాదం. ఇది సరైనదే. టక్. మళ్ళీ చదివాను. టక్, టక్.
బావ బయటికి వెళ్ళిపోయాడు. డాక్టర్ జాలిగా చూసి, సోమవారం డిశ్చార్జి అన్నాడు.

అదే రోజు, సాయంత్రం
బస్సులో వేళ్ళ మీద లెక్కపెట్టాను. మనస్సు. మూడూ లఘువులే, సూర్యగణమే అనుకున్నాను. కాదు! 'స్సు' ద్విత్వం, దాని ముందున్న 'న' గురువు. అది సూర్యగణమే కాదు. అక్క కరెక్ట్. మొద్దుని నేను.
దిగి వెనక్కి పరిగెత్తాను. డాక్టర్ కారెక్కుతున్నాడు. బతిమాలి తీసుకొచ్చాను. 'మనసు' అన్నాను. వేలు కదల్లేదు. 'మనస్సు'. టక్. డాక్టర్ తారుమారు చేసి ఎన్నిసార్లు చదివించినా అక్క ఒక్కసారీ పొరబడలేదు.
దాని ఎదుటే ఏమేమన్నానో అంటూ బావ తలుపు పట్టుకుని ఏడ్చాడు.

మార్చి 9
థెరపీ వార్డు. కిటికీ పక్క బెడ్.

మార్చి 27
మూడో పాదం రాసి తెచ్చి చదివాను. అక్క నోరు తెరిచింది. మళ్ళీ, అంది.
చదవమనో, రాయమనో.