వీపు మీది పేరు

గూడూరు తండా, జూలై 14. ముసురు. మొలవని చోట పత్తి గింజలు మళ్లీ పెట్టాను.

చిరంజీవి రాజేశ్‌కు,

ఫోన్‌లో నీ మాట నాకు వినపడదు, అందుకే ఉత్తరం. నువ్వు మెచ్చే పరాగ్వే ఫుట్‌బాల్ ఆటగాడు కిరోగా వార్త పక్కింటి అమర్‌సింగ్ చూపించాడు. మెక్సికో, టర్కీ, చైనా అయిపోయి ఇప్పుడు బొలీవియాలో ఏదో కొండ ఊరి జట్టులో చేరాడట. వయసు మీదపడినా మైదానం నడుమ నిలబడి బంతి పంచే పని వదల్లేదు. "గీయన గూడ మన లెక్క కూలికి తిరిగెటోడే గద మామా" అన్నాడు అమర్‌సింగ్. నేను ఫొటోల్లో అతని చొక్కా చూశాను. ఏ దేశంలోనైనా వీపు మీద అదే పేరు.

నువ్వు ఎవరి తరఫున ఆడుతున్నావో రాయలేదు. మీ అమ్మ అడుగుతోంది.

మీ బాపు, హరిలాల్

జనగామ, జూలై 22

ప్రియమైన బాపుకు,

బచ్చన్నపేట జట్టుకు ఆడుతున్నాను. మండలం వాళ్లే ఆడాలని ఇక్కడ నియమం. అందుకే బయటివాణ్ని తెస్తే, ఊళ్లో ఒకరి ఆధార్ కార్డు ఇచ్చి ఆ పేరుతో దింపుతారు. అందరూ చేసేదే. ఇక్కడ నేను కృష్ణను. మొదటిరోజు కృష్ణా అని పిలిస్తే పలకలేదు. "చెవుడు మీ బాపుకంటివి గద, నీకెప్పుడొచ్చింది" అన్నారు. వచ్చే నెల భూపాలపల్లిలో భూపాల్‌ను. అక్కడ పెద్ద జట్ల వాళ్లు చూస్తారు. నచ్చితే సొంత పేరుతోనే తీసుకుంటారు.

నీ రాజేశ్

తండా, జూలై 30. ఎండ. మోటరు బాగు చేయించాను.

చిరంజీవికి,

ఆట ఆడు. పేరు మాత్రం ఇచ్చిరాకు. దెబ్బ తగిలితే నేను ఎవరికి తండ్రినని చెప్పుకోవాలి?

బాపు

భూపాలపల్లి, ఆగస్టు 17

ప్రియమైన బాపుకు,

నిన్న గోలు స్తంభానికి తల తగిలింది. వాంతులయ్యాయి. దవాఖానలో భూపాల్ అనే రాయించాం, లేకపోతే జట్టును పోటీలోంచి తీసేస్తారు. పరేషాన్ కావద్దు. పెద్ద జట్టు వాళ్లు నన్ను అడిగారు. నా పేరు వేసి చొక్కా కూడా ఇచ్చారు. వేసుకొనే ఇంటికి వస్తాను. అమ్మకు తల సంగతి చెప్పకు.

నీ రాజేశ్

తండా, ఆగస్టు 29. మబ్బు. చేనులో కలుపు తీశాను.

రాజేశ్‌కు,

నీ ఉత్తరం అందగానే దవాఖానకు వచ్చాను. అప్పటికే నీకు తెలివి తప్పిందట. నేను తండ్రినని అక్కడివాళ్లతో అన్నాను. "భూపాల్ తండ్రి బిక్షపతి లోపలున్నడు. నువ్వేం తండ్రివి?" అన్నారు. ఒక్కరినే లోపలికి పంపుతారట. బిక్షపతి బయటికి వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. "మా భూపాల్ కార్డు మీదనే వైద్యం నడుస్తున్నది అన్నా. నిజం చెప్తే ఆపుతరు. జర ఓర్చుకో." ఓర్చుకున్నాను. నువ్వు గోడ అవతల. నేను బెంచీ మీద.

మూడోరోజు పొద్దున నువ్వు పోయావు. శవాన్ని తండ్రికే ఇస్తామన్నారు. బిక్షపతి సంతకం పెట్టాడు. బతికున్న భూపాల్ గేటు బయట తువ్వాల కప్పుకొని నిలబడ్డాడు. నా ముఖం చూడలేదు.

నీ సంచిలో చొక్కా ఉంది. ఉతికి ఆరేశాను. వీపు మీద అక్షరాలు వేలితో తడుముతూ ఏముందని మీ అమ్మ అడిగింది. చదివాను. మళ్లీ అడిగింది. మళ్లీ చదివాను. చినుకులు పడుతున్నాయి, చొక్కా తీసి లోపల వేసి వస్తాను.