నా చేతి తిండి

జూన్ 4, మంగళవారం

మా ఫ్యాక్టరీ క్యాంటీన్ మూసేశారు. ప్యాకింగ్ సెక్షన్‌లో తొమ్మిది మందికి టైఫాయిడ్. ఒక పిల్ల ICUలో ఉంది, పేగుకు రంధ్రం పడి ఆపరేషన్ చేశారట.

హెల్త్ ఇన్‌స్పెక్టర్ వచ్చి వంటవాళ్ళందరి గోళ్ళూ చూశాడు. నా చేతులు చూసి, అందరూ ఇలా ఉంటే నాకు ఉద్యోగమే ఉండదమ్మా అన్నాడు. పొంగిపోయాను. పదకొండేళ్ళుగా అక్కడ హెడ్ కుక్‌ని. రెండు పూటలా స్నానం తప్పలేదు. సింకు పైన చేతులు కడిగే చార్టు అంటించింది నేనే.

అందరికీ చిన్న డబ్బాలు ఇచ్చారు. ఏం శాంపిలో రాయడానికి సిగ్గుగా ఉంది.

జూన్ 5

ఎవరి మీదైనా అనుమానం ఉందా అని మేనేజర్ అడిగాడు. గిన్నెలావిడ అన్నాను. అంట్లు తోమే మనిషి. టాయిలెట్‌కు వెళ్ళొచ్చి చేతులు ఏప్రన్‌కు తుడుచుకుంటుంది. స్నానం మూడు రోజులకోసారి. అదేమిటని అడిగితే, మా వీధిలో నీళ్ళు వచ్చేదే మూడు రోజులకోసారి అంటుంది.

నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు.

జూన్ 6

ఆవిడను తీసేశారు. గేటు దగ్గర ఎదురుపడింది. రిపోర్టులు రాకముందే ఎందుకు తీసేశారమ్మా అని అడిగింది. నాకేం తెలుసు అన్నాను.

జూన్ 10, ఉదయం 11:20

ఫోన్ వచ్చింది. పాజిటివ్.

నేను.

జూన్ 10, సాయంత్రం

డాక్టర్ మళ్ళీ మళ్ళీ చెప్పింది. ఎప్పుడో జ్వరం వచ్చి తగ్గి ఉంటుందట. క్రిములు గాల్‌బ్లాడర్‌లో ఉండిపోయాయట. నాకేమీ కాదు, నా వల్ల ఇతరులకు వస్తుంది. నాలుగు వారాలు మాత్రలు. తర్వాత మూడు రిపోర్టులు వరసగా క్లీన్‌గా రావాలి. అప్పటిదాకా ఎవరికీ వండకూడదు. ఇంట్లో కూడా.

నేను శుభ్రంగా ఉంటానండీ అన్నాను. ఎన్నిసార్లు అన్నానో.

మిగతావాళ్ళ సంగతి అడిగాను. క్యాంటీన్ మొత్తంలో నేనొక్కదాన్నే.

అక్కడినుంచి నేరుగా మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. ఆయనకు రిపోర్టు అప్పటికే చేరింది. తలుపు వేసి నెమ్మదిగా మాట్లాడాడు. ఆవిడను ఎలాగూ పంపేశాం, వర్కర్లు చల్లబడ్డారు, మళ్ళీ కెలకొద్దు. మీరు ఆపరేషన్ అని చెప్పి సెలవు పెట్టండి, నయమయ్యాక మీ పని మీకుంటుంది. నోరు జారితే మాత్రం నేనేం చెయ్యలేను అన్నాడు.

సరేనన్నాను. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

జూన్ 12

మా ఆయన వంట చేస్తున్నాడు. ఉప్పు ఎక్కడుందో అడుగుతాడు, నేను గుమ్మం ఇవతల నిలబడి చెబుతాను. నా వంటింట్లోకి నేను వెళ్ళను. పదిహేనేళ్ళు నీ చేతి తిండి తిన్నాను, చచ్చానా అని నవ్వించాడు. ఆ నవ్వుతోనే నా చేతిలోంచి కంచం తీసుకున్నాడు.

కూతురు తన గ్లాసు తన గదిలో పెట్టుకుంటోంది. నేను చూడలేదనుకుంది.

టాయిలెట్‌కు వెళ్ళొచ్చాక సబ్బుతో ఇరవై సెకన్లు బాగా రుద్దితే చాలు అంది డాక్టర్. నేను గంటకోసారి కడుగుతున్నాను. స్నానం నాలుగుసార్లు. వేళ్ళ మధ్య తోలు లేచిపోతోంది. లోపల ఉన్నదానికి ఏ సబ్బు పెట్టాలి?

జూన్ 17

రాయకుండా తప్పించుకుంటున్నది ఇదీ.

మే నెలలో ఒక రోజు స్టాఫ్ టాయిలెట్‌లో కుళాయి రాలేదు. భోజనాల బెల్లు మోగుతోంది. రెండు వందల నలభై ప్లేట్లు. తడిగుడ్డతో వేళ్ళు తుడుచుకుని పళ్ళ ముక్కల దగ్గరికి వెళ్ళిపోయాను. ఉత్త చేత్తో సర్దాను.

ఆ ఒక్క రోజే అని రాయబోయాను. ఒక్క రోజు కాదు.

జూన్ 18

ప్యాకింగ్ పిల్ల గండం గడిచిందట.

జూన్ 20

గిన్నెలావిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఒకటే గది. మనవడు నేల మీద ఏడుస్తున్నాడు, ఏడాది ఉంటుంది. ఆవిడ ఎత్తుకోవడం లేదు. దూరంగా కూర్చుని చప్పట్లు కొడుతోంది.

చెప్పేశాను. రోగం నాది, నీ మీద చెప్పిందీ నేనే అన్నాను. తిడుతుందనుకున్నాను.

అయితే నాకేం లేదా అని అడిగింది. లేదన్నాను. వీణ్ణి ముట్టుకోవచ్చా అంది. రెండు వారాలుగా వాణ్ణి తాకలేదట. తన రిపోర్టు ఎవరూ చెప్పలేదు, రోగం తనదేనని నమ్మేసింది.

వాణ్ణి ఎత్తుకుని మెడలో ముఖం పెట్టుకుంది. నావైపు చూడకుండానే, ఈ మాట నా ఇంట్లో చెబితే ఏం లాభం, గేటు దగ్గర చెప్పు అంది. అమ్మా అని పిలవలేదు.

జూన్ 21

షిఫ్టు మారే వేళ గేటు దగ్గర చెప్పాను. వెనకనున్న వాళ్ళు వినబడలేదన్నారు. రెండోసారి గట్టిగా చెప్పాను. నా చుట్టూ జాగా పెరిగింది. ప్యాకింగ్ పిల్ల అన్నయ్య ఒక్కడే దగ్గరికొచ్చి, మా చెల్లికి పెట్టేముందు చేతులు కడుక్కున్నావా అని అడిగాడు.

లేదని చెప్పాను.

జూలై 3

ఆవిడను మళ్ళీ తీసుకున్నారు. నా పని పోయింది. ఇంకా ఐదు రోజుల మాత్రలున్నాయి.

సాయంత్రం ఆవిడ వచ్చి గుమ్మంలో కూర్చుంది. మనవడు ఒళ్ళో ఉన్నాడు. వాడు నావైపు రెండు చేతులూ చాపాడు.

నా చేతులు వెనక్కి పెట్టుకున్నాను.